ఏ కార్డు మొదటిది?

విశాఖపట్నంలో డేటా సెంటర్ పెడతామనీ, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి తెస్తామనీ 2025 అక్టోబర్ 14న గూగుల్ సంస్థ ప్రకటించింది. అప్పటి నుంచి ఊళ్లో భూముల గురించి, కరెంటు గురించి, నీళ్ల గురించి, ఉద్యోగాల గురించి చర్చ నడుస్తూనే ఉంది. నడవాల్సిందే. అయితే ఆ కట్టడాల లోపల జరిగే పని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వందల సర్వర్లు ఒక్కసారి దిగినప్పుడు ఒక్కొక్కదాని ముందు కీబోర్డు పట్టుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు. సర్వర్‌ని ర్యాకులో బిగించి, కేబుళ్లు తగిలించి, స్విచ్ వేస్తే అది నెట్‌వర్క్ మీదుగా లైనక్స్‌ను తెచ్చుకుని తనంతట తానే ఎక్కించుకుంటుంది. ముందే రాసిపెట్టిన ఒక జవాబుల ఫైలును చదువుకుంటూ పోతుంది. డిస్కును ఎలా విడగొట్టాలి, ఏ ప్యాకేజీలు వేయాలి, ఏ నెట్‌వర్క్ కార్డుకు ఏ అడ్రస్ ఇవ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. రెడ్‌హ్యాట్ వాళ్లు దీన్ని కిక్‌స్టార్ట్ అంటారు, డెబియన్ వాళ్లు ప్రీసీడ్ అంటారు, ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్ అంటున్నారు. ఈ జవాబుల్లో చివరిదాని గురించే ఈ ప్రసంగం. యంత్రంలో రెండు నెట్‌వర్క్ కార్డులున్నప్పుడు ఏది మొదటిది, ఏది రెండోది అన్నది ఎవరు తేల్చాలి? యంత్రానికి వదిలేయకూడదన్నది నా వాదన. కార్డులు కంటపడిన వరుసను నమ్మకూడదు, మారని ఆనవాలు ఒకటి పట్టుకుని దానికి పేరు కట్టాలి. ఆ ఆనవాలు దొరకకపోతే ఇన్‌స్టలేషన్ అక్కడితో ఆగిపోవాలి.

రెండు కార్డులు ఎందుకుంటాయో ముందు చూద్దాం. ఉక్కు కర్మాగారం లాంటి చోట కొలిమినీ, రోలింగ్ మిల్లునూ నడిపే పీఎల్‌సీలు అనే కంట్రోలర్లు, వాటి కంట్రోల్ నెట్‌వర్క్ ఒకవైపు ఉంటాయి. లెక్కలు, స్టోర్సు, జీతాలు చూసుకునే ఆఫీసు నెట్‌వర్క్ ఇంకోవైపు ఉంటుంది. ఈ రెండూ కలవకూడదు. అయినా మిల్లులో ఎన్ని టన్నులు దిగాయో ఆఫీసుకు తెలియాలి. అందుకని మధ్యలో రెండు కాళ్లున్న సర్వర్ ఒకటి నిలబెడతారు. ఒక కార్డు ప్లాంటు వైపు, ఇంకొకటి ఆఫీసు వైపు. పోర్టులోనూ అంతే. లారీల వేబ్రిడ్జి, గేటు కెమెరాలు ఒక నెట్‌వర్క్ మీద ఉంటే బిల్లింగు వేరే నెట్‌వర్క్ మీద ఉంచడం మంచి పద్ధతి. ఇప్పుడు ఆ మధ్య సర్వర్‌లో రెండు కార్డులూ తారుమారయ్యాయనుకోండి. రెండువైపులా స్థిరమైన ఐపీ అడ్రసులు రాసి ఉంటే అడ్రసులు తప్పు కేబుళ్ల మీదికి వెళ్తాయి, ఏదీ పలకదు, అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. అసలు ప్రమాదం సగం పనిచేసినప్పుడు. ఫైర్‌వాల్ రూలు ‘ఫలానా కార్డు మీద వచ్చేదంతా మనదే, రానివ్వు’ అని రాసి ఉంటుంది. పేరు అటూ ఇటూ మారితే ఆ ‘రానివ్వు’ అన్న మాట బయటి నెట్‌వర్క్‌కి వర్తిస్తుంది. ఆ సర్వర్ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పని కూడా చేస్తుంటే, ఆఫీసు కంప్యూటర్లకు ప్లాంటు అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. యంత్రం మాత్రం తాను బాగానే ఉన్నానంటుంది. ఎర్ర లైటు ఎక్కడా వెలగదు.

లైనక్స్ కెర్నెల్ పాత పద్ధతి చాలా తేలిక. కనబడిన మొదటి ఈథర్‌నెట్ కార్డుకు ఈత్ జీరో, తర్వాతి దానికి ఈత్ వన్, ఆ తర్వాతి దానికి ఈత్ టూ. కార్డు ఎక్కడ ఉంది, ఎవరు చేశారు, దానికి ఏ కేబుల్ తగిలించారు అన్నవి ఆ పేరులో ఉండవు. ఎప్పుడు కంటపడింది అన్నదొక్కటే ఉంటుంది. ఒక్క కార్డున్న రోజుల్లో దీనితో ఇబ్బంది లేదు. రెండు మూడు వచ్చాక కూడా చాలాకాలం బండి నడిచింది. ఏ పేరుకు ఏ డ్రైవర్ అన్నది మాడ్యూళ్ల ఫైలులో రాసిపెట్టేవారు, డ్రైవర్లు ఒకదాని తర్వాత ఒకటి లోడయ్యేవి, వరుస నిలిచేది. తర్వాత యూడెవ్ అనే ఏర్పాటు వచ్చింది. యంత్రం తొందరగా లేవాలని డ్రైవర్లను పక్కపక్కనే, ఒకేసారి లోడ్ చేయడం మొదలైంది. రెండు వేర్వేరు కంపెనీల కార్డులుంటే ఏ డ్రైవర్ ముందు సిద్ధమైతే దానికే సున్నా. ఇవాళ ఒక కార్డు గెలవచ్చు, రేపు రీబూట్ చేస్తే ఇంకోటి గెలవచ్చు. ఇక్కడొక పాత ఉదంతం చెప్పాలి. కెర్నెల్ 2.4 నుంచి 2.6కి మారినప్పుడు పీసీఐ బస్సుల మీద పరికరాలను వెతికే తీరు మారింది. పాతది ఒక అంతస్తు మొత్తం చూశాక కింది అంతస్తుకు దిగేది. కొత్తది ఒక కొమ్మ పట్టుకుని చివరిదాకా పోయి వెనక్కి వచ్చేది. దాంతో కొన్ని సర్వర్లలో బోర్డు మీద ఒకటి, రెండు అని అచ్చువేసి ఉన్న ల్యాన్ పోర్టులు లైనక్స్‌లో తిరగబడి కనిపించాయి. హార్డ్‌వేర్‌లో ఒక్క స్క్రూ కూడా కదల్లేదు. పాత వరుస కావాలనుకునేవారి కోసం కెర్నెల్‌లో బీఎఫ్‌సార్ట్ అనే ఆప్షన్ పెట్టాల్సి వచ్చింది. డెల్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న మాట్ డోమ్ష్ ఆ ఆప్షన్‌ను రాశారు. వరుస మీద ఆధారపడితే ఏమవుతుందో చూపడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం కనబడదు. వెతికే పద్ధతి మారిందంతే, ఏ మార్పూ లేని యంత్రాల్లో కార్డుల పేర్లు తారుమారైపోయాయి.

ఆటోమేటిక్ ఇన్‌స్టలేషన్‌లో ఈ చిక్కు మరింత ముదురుతుంది. ఎందుకో దగ్గరగా చూద్దాం. స్విచ్ వేయగానే మొదట మేలుకునేది ఫర్మ్‌వేర్. అది తన లెక్క ప్రకారం ఒక కార్డును ఎంచుకుని నెట్‌వర్క్ మీద కేక వేస్తుంది, నాకో అడ్రస్ ఇవ్వండి, నేను లేవడానికి కావలసిన ఫైలు ఎక్కడుందో చెప్పండి అని. ఇదే పీఎక్స్‌ఈ బూట్. డీహెచ్‌సీపీ సర్వర్ జవాబిస్తుంది, కెర్నెల్ దిగుతుంది, ఇన్‌స్టాలర్ మొదలవుతుంది. అక్కడితో ఫర్మ్‌వేర్ పని అయిపోయింది. అది ఏ కార్డు వాడిందో కెర్నెల్‌కు తెలియదు. కెర్నెల్ మళ్లీ మొదటి నుంచి కార్డులు వెతుక్కుని తన లెక్కలో పేర్లు పెట్టుకుంటుంది. జవాబుల ఫైలులో ఈత్ జీరో అని ఉంది, ఆ పేరు ఇప్పుడు ప్లాంటు వైపు కార్డుకు పడింది, అటువైపు డీహెచ్‌సీపీ లేదు. యంత్రం అడ్రస్ కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. పీఎక్స్‌ఈ మీదుగా కెర్నెల్‌ను దింపే పీఎక్స్‌ఈలైనక్స్ అనే ప్రోగ్రాంలో దీనికి చక్కటి విరుగుడు ఉంది. ఐపీఅపెండ్ అన్న మాట పక్కన 2 అని రాస్తే, తాను ఏ కార్డు మీదుగా వచ్చిందో దాని మ్యాక్ అడ్రసును, అంటే ఆ కార్డు గుర్తింపు నంబరును, బూట్ఇఫ్ అనే పేరుతో కెర్నెల్‌కు అందిస్తుంది. మొదట 01 అనీ, అంటే ఈథర్‌నెట్ అనీ, తర్వాత ఆరు జతల అంకెలూ అక్షరాలూ ఉంటాయి. గ్రబ్‌తో గానీ ఐపీఎక్స్‌ఈతో గానీ లేచే యంత్రాల్లోనూ ఇదే సమాచారం అందించవచ్చు. కిక్‌స్టార్ట్ దాన్ని పట్టుకుని సరైన కార్డునే వాడుకుంటుంది. చాలామంది ఇక్కడితో సమస్య తీరిందనుకుంటారు. తీరలేదు. ఇన్‌స్టాలర్ కెర్నెల్‌లో దొరికిన డ్రైవర్లన్నీ మూటగట్టి ఉంటాయి. ఇన్‌స్టలేషన్ అయ్యాక డిస్కు నుంచి లేచే కెర్నెల్‌లో ఆ యంత్రానికి కావలసినవే ఉంటాయి, నెట్‌వర్క్ డ్రైవర్ కాస్త ఆలస్యంగా లోడ్ కావచ్చు. అంటే ఇన్‌స్టాలర్ చూసిన వరుస వేరు, మొదటి రీబూట్‌లో వచ్చే వరుస వేరు. ఇన్‌స్టాలర్ ఎంతో జాగ్రత్తగా రాసిపెట్టిన సెట్టింగు మరుసటి నిమిషంలో వేరే కార్డుకు అంటుకుంటుంది.

దీనికి విశాఖ పోర్టులోనే చక్కటి పోలిక ఉంది. 1933లో ప్రారంభమైన హార్బరు ఇది. లోపలి హార్బరులో బెర్తులకు ఈస్ట్ క్వే ఒకటి, రెండు అనీ, వెస్ట్ క్వే ఒకటి, రెండు అనీ పేర్లు. ఆ పేరు చోటుకు చెందింది. తెల్లవారుజామున యాంకరేజికి ముందు వచ్చిన ఓడ ఏదైనా, ఆ బెర్తు ఆ బెర్తే. ఇక ఓడకు వేరే గుర్తింపు ఉంది. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1987లో తెచ్చి, 1996 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిన ఏడంకెల ఐఎంఓ నంబరు అది. యజమాని మారినా, జెండా మారినా, ఓడ పేరే మారినా తుక్కుకు పోయేదాకా ఆ నంబరు మారదు. పోర్టులో సరుకు దిగాలంటే ఈ రెంటిలో ఒకటి పట్టుకోవాలి, ఫలానా బెర్తు అని గానీ, ఫలానా ఓడ అని గానీ. ఇవాళ మొదట వచ్చిన ఓడకు బొగ్గు ఎత్తండి, రెండో ఓడకు ఎరువులు ఎత్తండి అని ఏ ట్రాఫిక్ మేనేజరూ రాసివ్వడు. నెట్‌వర్క్ కార్డుకూ సరిగ్గా ఈ రెండు ఆనవాళ్లే ఉన్నాయి. అది బిగించిన చోటు ఒకటి, ఫ్యాక్టరీలో దానికి వేసిన 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఇంకొకటి. ఈ రెంటినీ పక్కనబెట్టి మూడోది అయిన రాకడ వరుసను ఎంచుకోవడంలోనే పాత పద్ధతి తప్పు ఉంది.

లైనక్స్ ప్రపంచం ఈ సంగతి గ్రహించడానికి చాలా ఏళ్లు పట్టింది. మొదట యూడెవ్ వాళ్లు మ్యాక్ అడ్రసును పట్టుకున్నారు. ఒక కార్డు మొదటిసారి కనబడగానే దాని మ్యాక్ అడ్రసునూ, పేరునూ ఒక రూల్సు ఫైలులో రాసి ఉంచేవారు. తర్వాత ఎన్నిసార్లు లేచినా అదే పేరు. వర్చువల్ మెషీన్లు వచ్చేసరికి ఇది బెడిసికొట్టింది. ఒక మెషీన్‌ను కాపీ చేస్తే కాపీకి కొత్త మ్యాక్ అడ్రస్ వస్తుంది, రూల్సు ఫైలులో పాతది ఉంటుంది, కనక ఈత్ జీరో పాత కార్డు పేరిటే ఉండిపోయి కొత్తది ఈత్ వన్ అవుతుంది. నెట్‌వర్క్ రాదు. తర్వాత 2011లో ఫెడోరా 15తో డెల్ వాళ్ల బయోస్‌డెవ్‌నేమ్ పద్ధతి ముందుకొచ్చింది, బోర్డు మీది ల్యాన్ పోర్టుకు ఈఎం1 అన్నట్టు. లైనక్స్ లేచేటప్పుడు పనులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాం 197వ వెర్షన్ 2013 జనవరిలో వచ్చింది. అప్పటి నుంచి చోటును బట్టి పేరు పెట్టడం మామూలైంది. బోర్డు మీద ఫర్మ్‌వేర్ నంబరిచ్చిన కార్డు ఈఎన్‌ఓ1. స్లాటు నంబరు తెలిస్తే ఈఎన్‌ఎస్1. అదీ తెలియకపోతే పీసీఐ బస్సు మూడు, పరికరం సున్నా అని ఈఎన్‌పీ3ఎస్0. 2014లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7, 2017లో డెబియన్ 9 ఈ దారిలోకి వచ్చాయి. నా ఉద్దేశంలో ఇది సరైన దిశలో పెద్ద అడుగు. ఆ పేర్లు నోరు తిరగవని విసుక్కునేవాళ్లున్నారు గానీ, నోరు తిరగకపోవడం పెద్ద నేరం కాదు.

అయినా చాలా చోట్ల ఇప్పటికీ ఇన్‌స్టలేషన్ స్క్రిప్టుల్లో నెట్.ఇఫ్‌నేమ్స్ అనే కెర్నెల్ ఆప్షన్‌ను సున్నా చేసి పాత ఈత్ పేర్లకే తిరిగిపోతుంటారు. వారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అన్ని యంత్రాల్లో ఒకే పేరు ఉంటే ఒకే జవాబుల ఫైలు, ఒకే ఫైర్‌వాల్ ఫైలు, ఒకే మానిటరింగు సరిపోతాయి. యంత్రానికో పేరు ఉంటే యంత్రానికో ఫైలు రాయాలి. నిజమే. ఒకే కార్డున్న యంత్రాలకు, ఒక వైరూ ఒక వైఫై ఉండే మామూలు కంప్యూటర్లకు పాత పేర్లు వాడుకుంటే నష్టం ఏమీ లేదు, అక్కడ పోటీయే లేదు కనక. రెండు ఈథర్‌నెట్ కార్డులు వచ్చిన క్షణం నుంచి ఆ ఒకేలా ఉండడం పైపైదే అవుతుంది. పేరు ఒకటే, వెనక ఉన్న కేబుల్ మాత్రం యంత్రానికోటి. వంద యంత్రాల్లో ఈత్ జీరో అని ఉన్నంత మాత్రాన వందా ఆఫీసు నెట్‌వర్క్ మీద ఉన్నట్టు కాదు. ఈ పక్షంవాళ్లు కోరుకుంటున్నది పేరు ఒకటిగా ఉండడం, అది సరైన కోరికే. దాన్ని వరుస ద్వారా సాధించాలనుకోవడమే పొరపాటు, వేరే దారిలో సాధించవచ్చు. ఆ దారికి కాసేపట్లో వస్తాను.

దీనికి ఎదురుగా ఇంకో పక్షం ఉంది. సిస్టమ్‌డీ అంతా చూసుకుంటోంది కదా, మనం కలగజేసుకోవడం దేనికి అంటారు. వారికి చెప్పేది ఇది. ఆ పేరు ఒక యంత్రంలో నిలకడగా ఉంటుంది, యంత్రాలన్నిటా ఒకటిగా ఉండదు. ఒక మోడల్ సర్వర్‌లో ఈఎన్‌ఓ1 అయినది ఇంకో మోడల్‌లో ఈఎన్‌పీ3ఎస్0 అవుతుంది. టెండర్ల మీద కొనే సంస్థల్లో ఈ ఏడాది ఒక కంపెనీ, వచ్చే ఏడాది ఇంకో కంపెనీ సర్వర్లు దిగడం మామూలే. పైగా ఆ నిలకడకూ హద్దుంది. బస్సు నంబర్లు ఫర్మ్‌వేర్ వేసేవి. కొత్తగా ఒక గ్రాఫిక్స్ కార్డో, ఎన్‌వీఎంఈ డిస్కో పెడితే బస్సుల లెక్క ఒకటి జరిగి, నిన్నటి ఈఎన్‌పీ3ఎస్0 ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 కావచ్చు. నెట్‌వర్క్ కార్డును ఎవరూ ముట్టుకోలేదు, పేరు మాత్రం పోయింది. సిస్టమ్‌డీ కూడా పేర్లు పెట్టే తీరును వెర్షన్ వెర్షన్‌కీ కొంత సవరిస్తూ వచ్చింది. అందుకే పాత తీరే కావాలంటే ఎంచుకోవడానికి నేమింగ్ స్కీమ్ అన్న ఆప్షన్ కూడా వాళ్లే ఇచ్చారు. చేసినవాళ్లే మారుతుందని ఒప్పుకున్నదాన్ని మారదని నమ్మి కూర్చోవడం మన వైపు నుంచి బద్ధకం.

అయితే మ్యాక్ అడ్రసే శరణ్యమా? క్లౌడ్ కంపెనీల అనుభవం చూస్తే అవుననిపిస్తుంది. అక్కడ క్లౌడ్ఇనిట్ అనే ప్రోగ్రాం యంత్రం మొదటిసారి లేవగానే మ్యాక్ అడ్రసులు చూసి పేర్లు కట్టేస్తుంది. వర్చువల్ మెషీన్‌కు మ్యాక్ అడ్రస్ ఇచ్చేది వాళ్లే, జాబితా ఉంచుకునేదీ వాళ్లే, కనక అది తప్పే అవకాశం తక్కువ. వర్చువల్ మెషీన్లకు నేనూ ఆ పద్ధతే మంచిదంటాను. నిజమైన ఇనుప పెట్టెల సంగతి వేరు. స్టిక్కరు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పన్నెండు గుర్తులను ఎవరో చూసి టైపు చేయాలి. అందులో 8కీ బీకీ తేడా మసక వెలుతురులో కనబడదు. నాలుగు ల్యాన్ పోర్టులున్న కార్డు మీద చాలాసార్లు మొదటి అడ్రసు ఒక్కటే అచ్చువేసి ఉంటుంది, మిగతావి వరుస నంబర్లే అయి ఉంటాయని ఊహించుకోవాలి. ఇంకా పెద్ద చిక్కు కార్డు కాలిపోయినప్పుడు వస్తుంది. రాత్రి షిఫ్టులో ఉన్న టెక్నీషియన్ స్టోర్సు నుంచి కొత్త కార్డు తెచ్చి అదే స్లాటులో బిగిస్తాడు, అవే కేబుళ్లు పెడతాడు, యంత్రం లేపుతాడు. తన పని తాను సక్రమంగా చేశాడు. మ్యాక్ అడ్రసు మారింది కనక యంత్రం ఆ కార్డును గుర్తుపట్టదు. ఆగకుండా నడిచే కర్మాగారంలో, సర్వర్ పాస్‌వర్డు లేని టెక్నీషియన్ కార్డు మార్చినంతనే పని మళ్లీ నడిచేలా ఉండాలి. అందుకే ఇనుప పెట్టెలకు చోటే మంచి ఆనవాలు. అందులోనూ మారే బస్సు నంబరు కన్నా, ఫర్మ్‌వేర్ ఇచ్చే బోర్డు నంబరూ స్లాటు నంబరూ నమ్మదగ్గవి.

ఇక నేను చెప్పదలచుకున్న దారి. పేరు పనిని చెప్పాలి, ఆనవాలు ఆ పేరు వెనక ఉండాలి. ప్లాంటు0 అనో, ఆఫీసు0 అనో అర్థం వచ్చేలా ఇంగ్లీషు అక్షరాల్లో పదిహేను గుర్తులు దాటకుండా పేరు పెట్టుకోవచ్చు. అంతకన్నా పొడుగైతే కెర్నెల్ ఒప్పుకోదు. ఇన్‌స్టలేషన్ చివర్లో స్క్రిప్టు ఒక చిన్న లింక్ ఫైలు రాస్తుంది. అందులో మ్యాచ్ అన్న భాగంలో ఆనవాలు, లింక్ అన్న భాగంలో పేరు, అంతే, నాలుగు పంక్తులు. ఈ ఫైళ్లలో ముందుగా సరిపోయినదే చెల్లుతుంది, మిగతావాటిని సిస్టమ్‌డీ చూడదు. అందుకని ఫైలు పేరుకు ముందు 10 అని పెట్టి, 99తో మొదలయ్యే డిఫాల్టు ఫైలు కన్నా ముందు వచ్చేలా చూడాలి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారుచేయడం. యంత్రం లేచే తొలి క్షణాల్లో డిస్కు ఇంకా తెరుచుకోకముందే ఆ చిన్న మూటలోంచే యూడెవ్ పనిచేస్తుంది. కొత్త లింక్ ఫైలు ఆ మూటలో లేకపోతే కార్డుకు అక్కడే వేరే పేరు పడిపోవచ్చు. ఇంకో హెచ్చరిక. మీరు పెట్టే పేరు మళ్లీ ఈత్ జీరో, ఈత్ వన్ అని ఉండకూడదు. కెర్నెల్ కూడా అవే పేర్లు పంచుతుంటుంది కనక ఒకే పేరు కోసం ఇద్దరు పోటీపడి, ఒక కార్డు సగం మారిన పేరుతో మిగిలిపోతుంది. ఇలా చేస్తే పాత పేర్ల పక్షంవాళ్లు కోరుకున్న ఒకే ఫైర్‌వాల్ ఫైలు, ఒకే మానిటరింగు వాళ్లకూ దక్కుతాయి. మోడలును బట్టి మారేది ఆ నాలుగు పంక్తుల లింక్ ఫైలు మాత్రమే.

అక్కడితోనూ ఆగకూడదంటాను. చోటును బట్టి పేరు సరిగ్గా పడినా, కేబులు తప్పు పోర్టులో దూర్చి ఉంటే? లైనక్స్‌లో దీన్ని కళ్లతో చూసి తేల్చుకోవడానికి ఈత్‌టూల్ ఉంది. చిన్న పీ ఆప్షన్‌తో పిలిస్తే ఆ కార్డు మీద దీపం మిణుకుమంటుంది, ర్యాకు వెనక నిలబడ్డ మనిషికి ఏది ఏదో తెలుస్తుంది. వందల యంత్రాల దగ్గర ఇది కుదరదు. అక్కడ స్విచ్‌నే అడగాలి. ఎల్ఎల్‌డీపీ అనే ప్రమాణం ప్రకారం స్విచ్ తన ప్రతి పోర్టు మీదా, నేను ఫలానా స్విచ్‌ని, ఇది నా ఫలానా పోర్టు అని మామూలుగా ముప్పై సెకన్లకోసారి చెబుతుంటుంది. ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు ఓ నిమిషం ఓపిక పట్టి వింటే, ప్లాంటు0 అన్న కార్డు నిజంగా ప్లాంటు స్విచ్‌కే వెళ్లిందో లేదో తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త, ఇంటెల్ 700 సిరీస్ కార్డుల్లో కార్డు లోపలి ఫర్మ్‌వేరే ఆ సందేశాన్ని అందుకుని లైనక్స్ దాకా రానివ్వకపోవచ్చు. ఈత్‌టూల్‌తోనే దాన్ని ఆపి చూడాలి. అన్నీ చూశాక కూడా ఆనవాలూ స్విచ్ మాటా కలవకపోతే ఇన్‌స్టలేషన్ ఆగిపోవాలి, తెర మీద కారణం స్పష్టంగా రాసి ఆగిపోవాలి.

ఈ ఆగిపోవడం మీదే ఎక్కువ అభ్యంతరం వస్తుంది. ఆటోమేటిక్ అన్నదే మనిషి జోక్యం తగ్గించడానికి కదా, మధ్యలో ఆగితే ఉపయోగమేమిటి, అర్ధరాత్రి ఎవరు వెళ్లి చూస్తారు అని. ఆగిన యంత్రం ఒక్కటే ఆగుతుంది, దాని మీద ఇంకా ఏ పనీ ఆధారపడి లేదు, పొద్దున్నే కేబుల్ మార్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. తారుమారుగా పూర్తయిన యంత్రం పచ్చ దీపంతో జాబితాలోకి చేరిపోతుంది, దాని మీద పనులు మొదలవుతాయి, తప్పు ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం. సాధారణంగా రీబూట్ అప్పుడే బయటపడుతుంది. మన ఊరికి దీని అర్థం కాస్త ఎక్కువే తెలియాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని దాటింది, నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటి విపత్తులో జనరేటర్ల డీజిల్ కూడా అయిపోతే సర్వర్లన్నీ పడుకుంటాయి, కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి లేస్తాయి. రెండు మూడేళ్లుగా రీబూట్ చేయని యంత్రం, డ్రైవర్ల పోటీలో ఇన్నాళ్లూ అదృష్టవశాత్తూ నెగ్గుకొచ్చిన యంత్రం, ఆ పూటే తన కార్డులు తారుమారు చేసుకోవచ్చు. ఊరంతా దెబ్బతిని, రోడ్ల మీద చెట్లు పడి, మనుషులు ఆఫీసుకు చేరలేని రోజున వరుస తప్పిన సర్వర్‌ను వెతికే తీరిక ఎవరికీ ఉండదు.

విశాఖ, విజయనగరం చుట్టుపక్కల ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కాలేజీల్లో చదువుతున్న పిల్లల్లో కొందరు రేపు ఈ పనుల్లోకే వస్తారు. వాళ్లకు లైనక్స్ లాబులో ఒక కార్డున్న యంత్రం మీద ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం నేర్పి ఊరుకుంటే సరిపోదు. మామూలు కంప్యూటర్ మీద ఉచితంగా దొరికే వర్చువల్ మెషీన్‌లో మూడు నెట్‌వర్క్ కార్డులు పెట్టి, పీఎక్స్‌ఈతో లేపి, కిక్‌స్టార్ట్‌తో ఎక్కించి, ఒక కార్డు తీసి ఇంకోటి పెట్టి, మళ్లీ లేపి చూడమనండి. దీనికి కొత్త లాబూ అక్కర్లేదు, అదనపు డబ్బూ అక్కర్లేదు, ఒక్క మధ్యాహ్నం చాలు. ఇక సర్వర్లు చూసుకునే మిత్రులకు ఒక విన్నపం. మీ ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు తెరిచి, అందులో ఈత్ జీరో అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. రెండు కార్డులున్న యంత్రాలకు ఆ స్క్రిప్టు వెళ్తుంటే, తర్వాతి తుఫాను సీజను రాకముందే దాన్ని మార్చండి.